సీడీకి బొట్టు

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి సీడీ రాసే మిషను కోదాడలో ఒక్కటే ఉండేది. నేను ఊరూరా తిరిగి కనుక్కున్న సంగతి కాదిది. ఆ మిషను యజమానే దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. "సూర్యాపేటలో లేదు, మిర్యాలగూడలో లేదు, నల్లగొండ పోయినా దొరకదండీ. నా దగ్గరే ఉంది" అని. పెళ్లి వీడియోలను క్యాసెట్లలోంచి సీడీల్లోకి ఎక్కించే దుకాణం అతనిది. గుమ్మానికి మామిడి తోరణం కట్టినట్టు పాడైన సీడీలను దారానికి గుచ్చి కట్టాడు. రాస్తుండగా కరెంటు పోయినా, మిషను ఒక్క క్షణం తడబడినా ఆ సీడీ ఇక దేనికీ పనికిరాదు. వాటిని పారేయడానికి అతనికి మనసొప్పేది కాదు. గాలికి అవి తిరుగుతుంటే రోడ్డు మీద పోయే లారీవాళ్ల కళ్లలో ఎండ కొట్టేది.

ఆ దుకాణం చుట్టూ నేను తిరిగిన తిరుగుడంతా మా అక్క కోసం. తొంభైల చివరి సంగతి.

అక్కను మిర్యాలగూడ ఇచ్చాం. బావది వడ్ల కమీషన్ వ్యాపారం. ఒకరోజు మధ్యాహ్నం దామరచర్ల నుంచి స్కూటర్ మీద వస్తుంటే లారీ గుద్దింది. దవాఖానకు తీసుకుపోయే అవసరం కూడా రాలేదు. కర్మకాండ రోజున అక్కకు చేసేవన్నీ చేశారు. గాజులు పగలగొట్టారు, పుస్తె తీశారు, బొట్టు తుడిచారు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఇన్నేళ్లయినా అది తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అక్క నోటిని మాత్రం వాళ్లు తీసుకోలేకపోయారు. "బొట్టు లేకుంటే ఒక సుఖమున్నదిరా, పొద్దుగాల అద్దం కాడ టైం మిగుల్తది" అనేది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను నేలచూపులు చూస్తే నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసేది. "నవ్వురా. నేనే నవ్వుతున్న గద!"

పెళ్లిలో పెట్టిన బంగారు గాజులు ఉండేవి ఆమెకు. "ఎట్లాగూ తొడిగేది లేదు" అని వాటిని అమ్మేసి ఒక కంప్యూటర్ తెప్పించింది. పెళ్లికి ముందు సూర్యాపేటలో టైపు నేర్చుకున్న చేయి కాబట్టి తెలుగు టైపు చేయడం ఆమెకు నాలుగు రోజుల్లో పట్టుబడింది. వీధి వైపున్న ముందుగది బావ కూర్చొని లెక్కలు చూసుకున్న గది. అందులో డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పత్రికలు టైపు కొట్టి ఇచ్చే పని, పెట్టుకుంటానని అడిగింది. మామ, అంటే ఆమె మామగారు, పెద్దగా ఏమీ అనలేదు. అత్తమ్మే ఒక షరతు పెట్టింది. అక్క దగ్గరికి వచ్చే పనుల్లో సగం పెళ్లిపత్రికలు. పత్రిక కొట్టేది ఎవరో వచ్చినవాళ్లకు తెలిస్తే బాగుండదని గది నడుమ ఒక పరదా కట్టించింది. ముందు మామ కూర్చొని కాగితం తీసుకునేవాడు. పరదా వెనక మా అక్క చి.ల.సౌ. అని కొట్టేది. రోజుకు ఎంతమంది ఆడపిల్లల పేర్ల ముందు ఆ చి.ల.సౌ. పెట్టేదో!

"కంప్యూటరన్నా నయం. నీకు మొగుడున్నడా లేడా అని అడగది" అని నవ్వేది.

ఆ పరదా వెనక ఆమెకు ఒక కుర్చీ ఉండేది. ఆ ఇంట్లో ఇంకెక్కడా ఆమె కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. వంటింట్లో పీట, వరండాలో నేల, ఎవరన్నా వస్తే లోపలి గది. ఆ గదిలో మాత్రం కుర్చీ. కాలు మీద కాలు వేసుకొని కూర్చునేది. నాకు ఆ కుర్చీ అంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

అంత సాఫీగా నడుస్తున్నదానికి ఒకరోజు దెబ్బ తగిలింది. ఎవరో ప్రెస్సుకు పోయే మ్యాటరు ఫ్లాపీలో తెచ్చారు. ఆ ఫ్లాపీతో పాటు వైరస్ వచ్చింది. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఆపరేటింగ్ సిస్టం లేదని ఇంగ్లిషులో ఒక్క ముక్క. అంతే. కంప్యూటర్‌ను లేపి పనిలో పెట్టేదే అది. అది పోతే టేబుల్ మీద ఉన్నది ఒట్టి డబ్బా. మళ్లీ ఎక్కించాలంటే దాని సీడీ కావాలి. కంప్యూటర్ బిగించి ఇచ్చినవాడు సీడీ ఇవ్వలేదు. నేను సూర్యాపేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని కానీ, మా దగ్గరున్నవన్నీ పాతకాలపు మిషన్లు, వాటికి సీడీ పెట్టే చోటే లేదు.

వారం పోయింది, రెండో వారం వచ్చింది. పత్రికల పని వేరే వీధిలోకి పోవడం మొదలైంది. అప్పుడే ఒక పురుగుమందుల వ్యాపారి ఆ ముందుగది కిరాయికి అడిగాడు. రోడ్డు మీది గది, మార్కెట్ దగ్గర. ఎవరికైనా ఆశ పుడుతుంది. మామ అక్కను పిలిచి, "దసరా దాక సూస్త. నడిస్తే నడుపుకో, నేనేం కాదనను. నడవకుంటే ఆయనకు మాటిచ్చేస్త. దసరా నాడు పాలు పొంగిస్తడట" అన్నాడు. చెడ్డ మనిషేం కాదు మామ. పక్కనున్నవాళ్లు ఎటు లాగితే అటు పోతాడు, అంతే.

అక్క నాకు ఫోన్ చేసింది. ఎదురింటివాళ్ల ఫోన్. ఎప్పుడూ ఏదో ఒకటి అని ఏడిపించేది, ఆ రోజు ఏమీ అనలేదు. "తమ్మీ, ఎట్లనన్న జేసి ఆ సీడీ తేరా. ఈ గది పోతే నేను మళ్ల వంటింట్లకే" అంది.

కోదాడకు నేను మొదటిసారి అట్లా పోయాను. సూర్యాపేట నుంచి ఎర్రబస్సులో నిలబడి. ఆ దుకాణం అతను నా మాట పూర్తిగా విననే లేదు. "ఉందండీ, ఉంది. బెజవాడ నుంచి తెచ్చాను. ఇమేజ్ ఉంది నా దగ్గర. బర్న్ చేసి ఇస్తాను, కూర్చోండి" అన్నాడు. అప్పట్లో అది ఎవరి సొత్తు, రాసుకోవచ్చా లేదా అని అడిగినవాణ్ని నేను చూడలేదు. దొరకడమే గొప్ప.

అతని పద్ధతి చూడాలి. ముందు షట్టరు సగం దించాడు. ఫ్యాను ఆపాడు. ఫ్యాను వేస్తే వోల్టేజీ పడిపోతుందట. మౌసును టేబుల్ చివరికి జరిపి దాని మీద చేతిరుమాలు కప్పాడు, ఎవరైనా పొరపాటున తాకుతారని. "ఇక కదలకండి. దగ్గు వస్తే బయటికి వెళ్లి దగ్గండి" అన్నాడు. చెమటలు కారుతున్నాయి ఇద్దరికీ. తెర మీద నీలం గీత చీమలా పాకుతోంది. బయట బస్సు హారన్ కొట్టినా అతను బస్సు వైపు కోపంగా చూశాడు. గీత చివరికంటా పోయి సీడీ బయటికి వచ్చినప్పుడు అతను దాన్ని రెండు వేళ్లతో అంచులు పట్టుకొని తీశాడు. పైన మార్కర్‌తో పేరు రాశాడు. వెచ్చగా ఉంది. ఇంత మురిపెంగా చేసిన పనిలో తప్పుంటుందని ఎవరనుకుంటారు?

అక్కడి నుంచే హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తమ్మ వరండాలో బియ్యం చెరుగుతోంది.

"దొరికిందా నాయనా?" అంది.

"దొరికింది అత్తమ్మా. కోదాడల కాల్చుకొచ్చిన" అన్నాను.

బర్న్ అన్నదాన్ని నేను తెలుగులో అన్నానంతే. చేట ఆగిపోయింది. "ఏంది? కాల్చుకొచ్చినవా? పండుగ దినాల పొద్దుగూకంగ ఇంట్లకొచ్చి కాల్చుడు గీల్చుడు అంటవేంది? కాల్చింది సాలదా ఈ ఇంట్ల?" అని లేచింది.

మాటకు తడుముకున్నాను. "అంటే... రాపిచ్చుకొచ్చిన" అన్నాను. పరదా వెనక నుంచి అక్క నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినబడింది. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచి వచ్చింది.

సీడీ పెట్టాం. డ్రైవు గిర్రున తిరిగింది. మళ్లీ అదే నల్ల తెర, అదే ముక్క. తీసి పెట్టాం, ఆపి పెట్టాం. ఏమీ లేదు. అక్క నుదురు పట్టుకొని కూర్చుంది. "కాల్చుకొచ్చిన అంటివి, మాడ్చుకొచ్చినట్టున్నవ్" అంది, కానీ గొంతులో నవ్వు లేదు.

నేను మళ్లీ కోదాడ పోయాను. షట్టరుకు తాళం. పండుగ సరుకు కోసం బెజవాడ పోయాడట, ఎప్పుడొస్తాడో తెలియదన్నారు పక్క టీకొట్టువాళ్లు. ఎటూ కాని మధ్యలో రెండు రోజులు పోయాయి. ఇటు నవరాత్రులు ముగియవస్తున్నాయి. మూడోసారి పోతే దొరికాడు. ఆ సీడీని తన కంప్యూటర్‌లో పెట్టి చూసి నాలుక కరుచుకున్నాడు.

"అయ్యయ్యో. కాపీ కొట్టానండీ. ఇమేజ్‌ను ఇమేజ్‌లాగా బర్న్ చేయాలి. నేను ఫైలును ఫైలులాగే పెట్టేశా."

ఇది కంప్యూటర్ తెలియనివాళ్లకు చెప్పాలి. ఇమేజ్ అంటే ఒక సీడీ మొత్తాన్ని, దాని అమరికతో సహా, ఒక్క ఫైలుగా కట్టిన మూట. రాసేటప్పుడు ఆ మూట విప్పి సీడీ మీద పరవాలి. అప్పుడే దానికి కంప్యూటర్‌ను లేపే శక్తి వస్తుంది. అతను మూటను మూటలాగే తీసుకెళ్లి సీడీ మీద పెట్టాడు. ఆవకాయ జాడీని మూత తీయకుండా విస్తట్లో పెట్టినట్టు. లోపల అన్నీ ఉన్నాయి, ఒక్కటీ తినడానికి లేదు.

"నీ సగం షట్టరు, నీ చేతిరుమాలు, దగ్గుతే బయటికి పొమ్మంటివి!" అని అరిచాను. "మా అక్క బతుకే ఇది, నీకు ఆటలెక్కున్నది!"

 తప్పు చేసినవాడు ఎదురు మాట్లాడకపోతే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు మనకు. అతను మళ్లీ షట్టరు దించాడు, ఫ్యాను ఆపాడు. ఈసారి సరైన చోట నొక్కాడు. నీలం గీత పాకింది. రాసిన తర్వాత తన కంప్యూటర్‌నే ఆపి, ఆ సీడీతో లేపి చూపించాడు. తెర మీద నీలం రంగు వచ్చింది, ఎంటర్ నొక్కమని అడిగింది. "చూశారుగా. ఇక ఢోకా లేదండీ" అని పైన పేరు రాసి, రెండు చేతులతో ఇచ్చాడు. ఆ రోజు మహర్నవమి.

పండుగ బస్సు, కాలు పెట్టే సందు లేదు. ఆ సీడీని చొక్కా లోపల పొట్టకు ఆనించి పట్టుకొని మిర్యాలగూడలో దిగాను. ఇంట్లో ఆయుధపూజకు సిద్ధం చేస్తున్నారు. ముందుగదిలో కంప్యూటర్‌కు బంతిపూల దండ వేశారు. మామ త్రాసు, తూకం రాళ్లు, బావ స్కూటర్ తాళంచెవి కూడా పెట్టారు. పరదా ఒక పక్కకు లాగి కట్టేశారు. అక్క లోపలి గడప అవతల నిలబడి ఉంది. పూజ దగ్గరికి ఆమె రాకూడదు.

"సీడీ తెచ్చిన. ఇప్పుడే పెడదాం" అన్నాను.

"ఆగు నాయనా. కొత్త వస్తువు. పూజ కాకముందు ముట్టొద్దు" అంది అత్తమ్మ. "బస్సుల వచ్చినవ్, పదిమందిని తాకి వచ్చినవ్. పోయి తానం జేసి రాపో."

సీడీని పళ్లెంలో పెట్టించి నన్ను పెరట్లోకి పంపింది. నేను స్నానం చేస్తున్నప్పుడే అయిపోయింది అంతా. తర్వాత అక్క చెప్పింది, చూసినవాళ్లూ చెప్పారు.

బొట్లు పెట్టేపని యారాలిది. అక్క తోటికోడలిని మా వైపు యారాలు అంటాం. అమాయకురాలు, అక్కంటే ప్రేమే ఆమెకు. కోడళ్లలో పుణ్యస్త్రీ చేయి ఆమెదే కాబట్టి ఆమెనే పెట్టమంది అత్తమ్మ. మానిటర్‌కు పెట్టింది, కీబోర్డుకు పెట్టింది, తాళంచెవికి పెట్టింది. సీడీని చేతిలోకి తీసుకుంది. ఒక పక్క మార్కర్‌తో పేరు రాసి ఉంది. రాత మీద బొట్టు పెడితే అక్షరాలు చెరిగిపోతాయనుకుంది పాపం. రెండో పక్క అద్దంలా మెరుస్తోంది, ఏమీ లేదు దాని మీద. అటు తిప్పింది. నున్నగా ఉంటే కుంకుమ నిలవదని కొబ్బరినూనెలో తడిపి పెట్టింది. నాలుగు దిక్కులా నాలుగు, ముందు పసుపు, దాని మీద కుంకుమ.

గడప అవతల నుంచి అక్క చూసింది. "యారాలా, గటు కాదు! గటు దిక్కే చదువుతది! ఇటు తిప్పు" అని కేకేసింది.

అత్తమ్మ వెనక్కి చూడకుండానే, "పూజ నడుమ మాట్లాడకు. నీ గొంతు ఇనబడొద్దు ఈడ" అంది.

నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి హారతి అవుతోంది. సీడీ చూశాను.  డ్రైవులో చిన్న వెలుగు ఉంటుంది, అది సీడీ మెరిసే వైపునుంచే చదువుతుంది. అక్కడ వేలిముద్ర పడితేనే తడబడుతుంది. అట్లాంటిది నూనె, పసుపు, కుంకుమ.

"గిదేం పనమ్మా! తుడవాలె దీన్ని. తుడవకుంటే నడవది" అని చేయి చాపాను.

అత్తమ్మ పళ్లెం వెనక్కి లాక్కుంది. ఆ ముఖం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. కోపం కాదు అది, భయం. "పెట్టిన బొట్టు తుడుస్తవా? నవమి పూట, అమ్మోరి ముందట? ఏం మనిషివిరా నువ్వు! ఒక్కసారి తుడిసింది సాలదా ఈ ఇంట్ల?"

 యారాలు తన తప్పేమిటో తెలియక కుంకుమ భరిణె కింద పెట్టేసింది. మామ గోడ వైపు చూస్తున్నాడు. అత్తమ్మకు నేనేం చెప్పగలను? లెన్సు అని, వెలుగు అని చెప్పాను. "అమ్మోరి కుంకుమ కీడు జేస్తదా? ఏడనన్న ఉన్నదా?" అంది.  ఉన్నది ఉన్నట్టే పెట్టమంది. ఉన్నది ఉన్నట్టు పెడితే అది లేవదు, తుడుద్దామంటే చేయి వేయనివ్వరు.

అప్పుడు అక్క గడప దాటింది.

పూజ ముందుకు నేరుగా నడిచి వచ్చి, పళ్లెంలోంచి సీడీ తీసుకుంది. "నేను తుడుస్త. నేను తుడిస్తే ఏమైతది? కొత్తగ పోయేదేమున్నది నాకు?" అంది. నవ్వుతూనే అంది. కొంగు అంచుతో ఒక్కో బొట్టూ తుడిచింది. యారాలు కళ్లు మూసుకుంది. 

కానీ నూనె కదా. తుడిస్తే పోలేదు. నాలుగు బొట్లు నాలుగు చారలై సీడీ అంతా పరుచుకున్నాయి. ఎర్రటి పొడి ఆ నూనెలోనే నిలిచిపోయింది. సబ్బుతో కడుగుదాం అన్నాను నేను. "ఆగురా, ముందు సూద్దాం" అని అక్కే డ్రైవులో పెట్టి, అక్కే స్విచ్ నొక్కింది. తన గది, తన కుర్చీ, ఇక ఒక్క నిమిషం కూడా ఆగలేకపోయింది ఆమె.

డ్రైవు తిరిగింది. గుర్రుమంది, ఆగింది, మళ్లీ గుర్రుమంది. నల్ల తెర. అదే ముక్క. సీడీ బయటికి తీసి పెరట్లోకి పరుగెత్తి సబ్బుతో కడిగి తెచ్చి మళ్లీ పెట్టాను. అప్పటికే నూనె, కుంకుమ డ్రైవు లోపలి కంటికి, అంటే ఆ లెన్సుకు, అంటుకుని ఉంటాయి. సీడీ శుభ్రమైనా చదివేది గుడ్డిదైంది. ఆ ఊపులో నాకు ఆ సంగతి తట్టలేదు. ఈసారి గుర్రుమనడం కూడా లేదు.

అత్తమ్మ అప్పుడు మాట్లాడింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "పూజ నడుమ కేకేసింది. గడప దాటింది. అమ్మోరి బొట్టు తన చేత్తోని తుడిసింది. ఇంక లేస్తదా అది?" అంది. మామ భుజం మీద తువ్వాలు సర్దుకొని బయటికి పోయాడు. ఎక్కడికి పోతున్నాడో అందరికీ తెలుసు.

నేను ఇల్లు పీకి పందిరేశాను. ఎవరిని ఎంత మాటన్నానో గుర్తు లేదు. కుంకుమ వల్ల అని, నూనె వల్ల అని, మీ మూఢత్వం వల్ల అని. నేను అరిచిన కొద్దీ అక్క మీదికే వచ్చింది అది. కుంకుమ తప్పు కానే కాదు కాబట్టి తప్పు ఇంకెవరిదో కావాలి. ఆ గదిలో తప్పు మోయడానికి ఒక్క మనిషే ఉంది.

అక్క నన్ను ఆపింది. "సాలు తమ్మీ. పండుగ" అంది.

దసరా పొద్దున పురుగుమందుల ఆయన ఆ గదిలో పాలు పొంగించాడు. కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి లోపలి గదిలో, బియ్యం బస్తాల పక్కన పెట్టారు. కుర్చీ ఆయనకే వదిలేశారు. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి పోయి వచ్చేసరికి ఇల్లంతా పురుగుమందు వాసన. అన్నంలో కూడా అదే వాసన. అక్క తినలేకపోయింది.

నాకు పట్టుదల వచ్చింది. పండుగ పోయిన తర్వాత ఆ సీడీ పట్టుకొని కోదాడ పోయాను. అతను దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇది బాగానే ఉందండీ" అన్నాడు. మళ్లీ ఒకసారి సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో నడిమి నుంచి అంచుకు తుడిచి, తన కంప్యూటర్‌లో పెట్టాడు. నీలం తెర వచ్చింది. బంగారంలా వచ్చింది. "మీ డ్రైవు కన్ను మసకబారి ఉంటుంది. స్క్రూలు విప్పి దూదితో, స్పిరిట్‌తో తుడవండి" అని స్పిరిట్ సీసా కూడా చేతిలో పెట్టాడు.  తేలిపోయిందనుకున్నాను. ఎవరి చేయీ కాదు, ఎవరి గొంతూ కాదు, నాలుగు చుక్కల నూనె. ఇక అక్క ముందు పెట్టి నిరూపిస్తాను. గది పోతే పోయింది, లోపలి గదిలోనే పెట్టుకుంటుంది. ప్రెస్సులవాళ్లు తెలిసినవాళ్లే, పని దొరుకుతుంది.

నేను పోయేసరికి అక్క వంటింట్లో పీట మీద కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అంతా చెప్పాను. కోదాడలో ఎట్లా లేచిందో, నీలం తెర ఎట్లా వచ్చిందో. ఆమె వింది. చేతులు ఆగలేదు.

"గాడ నేను లేను గదరా" అంది.

ఏడిపిస్తోందనుకున్నాను. నవ్వుతుందని చూశాను. నవ్వలేదు.

"ఏందక్కా, నువ్వేనా అనేది? నూనె అంటుకుంది. కంటికి అంటుకుంది. నువ్వే కేకేసినవ్ గద అటు దిక్కు కాదని! నీకు తెల్వదా?"

"తెలుసు" అంది. "అన్నీ తెలుసు. అయినా సూడు. ఆయన స్కూటర్ ఎక్కిననాడు నేనే ఎదురొచ్చిన. దీన్ని నేనే ముట్టిన."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట అత్తమ్మ అంటే పోట్లాడేవాణ్ని. ఊరంతా అన్నా పోట్లాడేవాణ్ని. అన్నది మా అక్క.

మాటలతో పనిలేదనుకున్నాను. లోపలి గదిలో దుప్పటి విప్పి, డ్రైవు స్క్రూలు తీసి, కన్ను దూదితో తుడిచాను. దూదికి ఎర్రగా అంటింది. అది తెచ్చి అక్కకు చూపించాను. "ఇగో, తప్పు గీ నూనెది, నీ చేతిది కాదు!" అన్నాను. చూసి తల ఊపింది. మళ్లీ బిగించి, వైర్లు పెట్టి, "రా, నువ్వే పెట్టు" అని సీడీ చాపాను. ఆమె లేచి నిలబడింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. "నువ్వు పెట్టు. నేను బయట నిలవడ్త" అని పెరటి గడప దాటి పోయింది.

నేనే పెట్టాను. డ్రైవు చప్పుడు లేకుండా తిరిగింది. నల్ల తెర పోయింది. నీలం తెర వచ్చింది. ఎంటర్ నొక్కమని అడుగుతోంది.

"అక్కా, లేసింది! రా, సూడు రా!" అని గట్టిగా అరిచాను.

పెరట్లోంచి ఆమె గొంతు వినబడింది. తొందర లేదు, ఏడుపు లేదు. "సూసినవా? నేను లేకుంటే లేస్తది."

బయటికి పోయి చేయి పట్టుకొని లాగాను. రాలేదు. బతిమాలాను, తిట్టాను, రాలేదు. "నువ్వే నొక్కుపోరా. మంచిగ లేసిందాన్ని ఎందుకు పాడుజేసుడు" అంది.

 చివరికి లోపలికి పోయి ఎంటర్ నేనే నొక్కాను.